సొన మచ్చ

స్వరాజ్యం వచ్చాక మొదటి వేసవి అది. మెడికల్ కాలేజీలో ఒక ఏడాది చదివి, సెలవులకు ఆగిరిపల్లి దగ్గర మా ఊరు వచ్చేసరికి అమ్మ ఇంట్లో ఉంది. మామిడి కోతల రోజుల్లో అమ్మ ఇంట్లో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అయ్యగారు తోటలోకి రావద్దన్నారే" అని మోచేతి కింద రూపాయంత తెల్లమచ్చ చూపించింది. తోట యజమాని కూలీలందరి ముందూ అది కుష్టు అన్నాడట. అప్పటినుంచి బావి దగ్గర మా కడవను దూరంగా జరుపుతున్నారట.

నాకు ఒళ్ళు మండిపోయింది. తొడిమ తుంచి, కాయను బోర్లించి, సొన కార్చే పని ఆడకూలీలది. ఆ సొన చిందితే చర్మం కాలుతుంది, పుండు మానాక ఒక్కోసారి తెల్లబడుతుంది. కూలీలకు ఇది తెలియంది కాదు. అయ్యగారి నోట కుష్టు అన్న మాట వచ్చాక వాళ్ళకూ భయం పట్టుకుంది. ఆయనకెలా తెలుస్తుంది? కడిగిన కాయలే ఆయన చేతికి అందేవి.

చర్మం పాఠం నాకు కంఠతా వచ్చు. రంగునిచ్చే కణాలు పై పొర అడుగున ఉంటాయి. సొన చంపింది వాటినే. చెమట గ్రంథులూ, స్పర్శ తెలిపే నరాల కొసలూ ఇంకా లోపలి పొరలో ఉంటాయి. కుష్టు మచ్చ అయితే నరాలు దెబ్బతిని మొద్దుబారుతుంది, చెమట పట్టదు. కుష్టే అయినా మనిషిని వెలివేయకూడదు. ఆ మాట అనే ధైర్యం ఆ రోజు నాకు లేదు, ఇప్పటికీ సిగ్గుపడతాను.

అమ్మను తోటకు లాక్కెళ్ళాను. "వద్దే, అయ్యగారు తలచుకుంటే నీ చదువు మాన్పించేస్తారు" అంటూనే నడిచింది.

అయ్యగారు పాక నీడలో కూర్చుని ఉన్నాడు. అందరూ చూస్తుండగా అమ్మ పమిట చెంగుతోనే ఆమె కళ్ళు కట్టి, కోడి ఈకను మచ్చకు తాకించాను.

"ఇక్కడే" అని అమ్మ సరిగ్గా అక్కడే వేలు పెట్టింది. మూడుసార్లూ అంతే.

"ఒక్క ఏడాదికే డాక్టరమ్మవైపోయావేంటి?" అని నవ్వాడాయన.

"ఇంకా అవలేదండీ. చర్మం గురించి మాత్రం చదివానండీ" అన్నాను.

అమ్మ చెయ్యి తుడిచి, ఆమెను ఎండలో నిలబెట్టాను. కాసేపటికి తెల్లమచ్చ మీద కూడా సన్నటి చెమట బిందువులు లేచాయి. దగ్గరికి వచ్చి చూడమన్నాను. వంగి చూశాడు.

"సరే, రేపట్నుంచి రమ్మను" అని గొణిగాడు.

నేను నోరు తెరిచేలోపు అమ్మ కళ్ళకున్న చెంగు లాగేసింది. గడ్డిలో మాగేసిన చిన్నరసం పండు ఒకటి ఏరి, తన చేత్తోనే తుడిచి, ఆయన ముందు చాచింది.

"తినండి అయ్యగారూ. అందరూ చూస్తన్నారు."

ఆయన చెయ్యి ముందుకు రావడానికి చాలాసేపు పట్టింది. అమ్మ మాత్రం చాచిన చెయ్యి దించలేదు. చివరికి తీసుకుని కొరికాడు. రసం ఆయన మోచేతిదాకా కారింది.

ఆ సాయంత్రం బావి దగ్గర మా కడవను ఎవరూ జరపలేదు.