వెనక ఎవరున్నారు

గౌరవంగా ఓరెస్ట్ ఆట చొక్కాను ఊళ్ళో మంచు మీద ఆడే రింకు పైకప్పుకు వేలాడదీయాలని ఊరివాళ్ళు తీర్మానించిన నాటి నుంచి అతనికి తిండి సహించలేదు. కెనడాలో సస్కాచెవాన్ గోధుమ పొలాల మధ్య ఉన్న ఆ చిన్న ఊరి నుంచి మంచు హాకీలో పెద్ద లీగు దాకా వెళ్ళినవాడు అతనొక్కడే. గోల్స్ కొట్టిన వీరుడేం కాదు, డిఫెన్స్ ఆటగాడు. బంతికి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ళ, ఆ దూసుకొచ్చే పక్‌కు ఒళ్ళు అడ్డం పెట్టి పళ్ళు రాలగొట్టుకోవడమే ఉద్యోగం. ఊరు మాత్రం అతన్ని నెత్తిన పెట్టుకుంది, అదీ ఒకే ఒక్క ఆట చూసి.

ఆ ఆట సంగతి కాఫీ హోటల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓరెస్ట్‌కు జోడీగా ఆడే గార్నెట్ మూలకు పోయిన పక్ కోసం వెనక్కి తిరిగాడు. అవతలి జట్టువాడు వెనక నుంచి వచ్చి అతన్ని గోడకేసి గుద్దాడు. గార్నెట్ మెడ దెబ్బతింది, ఇక జన్మలో ఆడలేకపోయాడు. ఓరెస్ట్ చేతి తొడుగులు విసిరేసి ఆ గుద్దినవాణ్ణి చితకబాదాడు. తోటివాడి కోసం తెగించిన మొనగాడని పేరొచ్చింది. గుద్దినవాడు మాత్రం ఆడిన ప్రతి ఊళ్ళోనూ తిట్లు తిన్నాడు.

ఊరికి తెలియనిది ఒకటుంది. పక్ కోసం వెనక్కి తిరిగినవాడికి వీపున కళ్ళుండవు, జోడీ వేసే కేకే అతని కళ్ళు. ఎవడైనా మీదికొస్తుంటే ‘ఉన్నాడు’ అని అరవాలి, లేకపోతే ‘ఖాళీ’ అనాలి. పిల్లలకు స్కేట్స్ కట్టిన కొత్తలోనే నేర్పే పాఠమది. ఆ రోజు గార్నెట్ మీదికొస్తున్నవాణ్ణి ఓరెస్ట్ చూశాడు, స్పష్టంగా చూశాడు. కానీ ముందు రోజే కోచ్ ఇద్దరిలో ఒకర్ని కింది లీగుకు పంపేస్తానన్నాడు. గార్నెట్ తనకంటే మంచి ఆటగాడు. పోయేది తనే. ఓరెస్ట్ నోరు పెగలలేదు. ఆ తరవాత పెద్ద లీగులో తిన్న కూడంతా గార్నెట్ నోటి దగ్గరిదేనని అతనికి తెలుసు.

ఈ వేడుకలోనైనా నిజం చెప్పేయాలని గట్టిగా అనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం వేడుకకు గార్నెట్ వచ్చాడు. అతని మెడ తిరగదు, ఎవర్ని చూడాలన్నా ఒళ్ళంతా తిప్పాలి. మైకు పట్టుకుని, “వీడు పక్కనుంటే నాకు భయముండేది కాదు” అన్నాడు. రింకంతా చప్పట్లు. తరవాత మైకు ఓరెస్ట్ చేతికిచ్చారు. అతను జనాన్ని చూశాడు, పైకి లేస్తున్న తన చొక్కాను చూశాడు. అందరికీ కృతజ్ఞతలని చెప్పి తల దించుకున్నాడు. ఎంత వినయమో అనుకున్నారు జనం. వినయమా, పాడా! సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

రింకు వంటగదిలో బంగాళాదుంప కుడుములు వడ్డిస్తున్న ముసలి హెల్గా ఊరుకోలేదు. “తినవేం నాయనా? చొక్కా పైకెక్కేసరికి మా వంట చేదైందా?”

“ఆకలి లేదు పిన్నీ.”

“పదరా, ఇంటి దగ్గర దింపుతా” అన్నాడు గార్నెట్.

ట్రక్కులో కూర్చున్నాక గార్నెట్ రివర్సు గేరు వేస్తూ, “అద్దాలకు మంచు పట్టేసింది. నా మెడ సంగతి తెలుసుగా, వెనక ఎవరన్నా ఉన్నారేమో చూసి చెప్పు” అన్నాడు. బండి కదిలింది. ఓరెస్ట్ వెనక్కి తిరిగేసరికి పెద్ద గిన్నె మోసుకుంటూ హెల్గా అడ్డంగా వస్తోంది.

“ఉన్నారు!”

ఆ కేకకు గార్నెట్ ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. “కళ్ళు నెత్తికెక్కాయా మీకు!” అని బండి మీద ఒక్కటి చరిచి వెళ్ళిపోయింది హెల్గా.

గార్నెట్ ముందుకే చూస్తున్నాడు. “గొంతు బానే ఉందే” అన్నాడు.

ఓరెస్ట్ అతనివైపు తిరిగాడు. “గార్నెట్, ఆ రోజు నేను...”

“తెలుసు. తరవాత ఆ ఆట టేపు వేసి చూశాను. నీ మొహం వాడివైపే ఉంది.”

“తెలిసీ ఇవాళ అందరి ముందూ నన్నెందుకు పొగిడావ్?”

“నా తరవాత మైకు నీకే ఇస్తారు కదా. చెబుతావేమో అనుకున్నానురా. అందుకే ఇంత దూరం వచ్చా.”

ఓరెస్ట్ ఏడ్చాడు. గార్నెట్ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. మళ్ళీ గేరు వేశాడు.

“ఇప్పుడు చూడు. వెనక ఎవరున్నారు?”

ఓరెస్ట్ కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగి చూశాడు.

“ఖాళీ” అన్నాడు.

గార్నెట్ మరోమాట అడగకుండా బండి వెనక్కి పోనిచ్చాడు.