తోడిదెయ్యాలు

పేరులోనే ఉంది కదండీ! పోస్టరు మీద అంత లావు అక్షరాలతో 'తోడిదెయ్యాలు' అని వేస్తే, "ఆ అన్నదమ్ములెవరో గానీ భలే వాయిస్తారు" అంటారేమిటి జనం? తోడికోడళ్ళనే మాట ఎన్నడూ వినలేదా వీళ్ళు?

పెద్దకోడలు పళ్ళ సెట్లు చేసే ల్యాబులో పనిచేస్తుంది. చిన్నకోడలు స్కూలు బస్సు నడుపుతుంది. ఇద్దరికీ దెయ్యాల సినిమాలంటే పిచ్చి. పెళ్ళిళ్ళయి ఒకే ఇంటికి వచ్చాక ఒకరి పిచ్చికి ఇంకొకరి పిచ్చి తోడైంది. వెనక గదిలో పెద్దామె పాత సింథసైజరు కీబోర్డు మోగిస్తే, చిన్నామె దానికి తోడుగా హెవీ మెటల్ గిటారు వాయించేది. సినిమాలో తలుపు కిర్రుమనే ముందు గుండె ఎలా కొట్టుకుంటుందో, అలా ఉండేది వాళ్ళ సంగీతం. మొదటిసారి విన్న మామగారు చెవులు మూసుకుని, "తోడికోడళ్ళు కాదమ్మా మీరు, తోడిదెయ్యాలు!" అన్నారు. బ్యాండుకి పేరు వెతుక్కునే పని తప్పింది.

స్టేజీ ఎక్కితే ఇద్దరికీ ముసుగులు, నోట్లో కోరలు. ఎవరి పంటి అచ్చు తీసి వాళ్ళ కోరలు వాళ్ళకి పెద్దకోడలే చేసింది.

ఒకరోజు సాయంత్రం పెద్ద హాల్లో ప్రదర్శన. ఇద్దరూ పనుల్లో ఉన్నారని, పొద్దున రేడియో వాళ్ళకి పాసులిచ్చి రమ్మని పెద్దకోడలు భర్తను పంపింది. ఆయన రంగుల కొట్లో గుమాస్తా. ల్యాబులో రేడియో పెట్టుకుని ఆమె ఒక కింది పళ్ళ సెట్టుకు మెరుగు పెడుతోంది.

"కీబోర్డు వాయించేది మీరేనాండీ?" అని రేడియో అమ్మాయి పాసులు తెచ్చిన ఆయన్ని మైకు ముందు కూర్చోబెట్టి అడిగింది.

'మా ఆవిడండీ' అంటాడని ఆమె చెయ్యి ఆపింది.

"ఏదోలెండి... చిన్నప్పటి నుంచీ ఆసక్తి" అన్నాడు ఆ మహానుభావుడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి చిన్నప్పటి నుంచి? మొన్నటిదాకా చెవుల్లో దూది పెట్టుకుని "ఆ గోల ఆపవే" అన్న మనిషికి ఆసక్తట! ఎంత సిగ్గులేనితనం!

పని ముగించి ఇంటికొచ్చేసరికి ఆయన అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు.

"అడిగేసరికి నోటికొచ్చింది అనేశానే. మొగుడూపెళ్ళాల మధ్య నాదీ నీదీ ఏమిటి? నాకు పేరొస్తే నీకు రానట్టా?"

"అలాగా? అయితే ఇవాళ తమరే వాయించండి" అని డబ్బా తెరిచి తన కోరలు ముందు పెట్టింది. "వేసుకోండి."

ఆయన నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. బస్సు తాళాలు చేతిలో పట్టుకునే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ చిన్నకోడలు, "వేసుకోండి బావగారూ" అంది.

వేసుకున్నాడు. చిగురు ఒరుసుకుంది, పన్ను అడ్డొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పట్టడం లేదే" అని తీసేశాడు.

"నా నోటి అచ్చు అది, తమరికెలా పడుతుంది? పొద్దున రేడియోలో మాత్రం నా నోరు బాగానే పట్టిందే తమరికి!"

ఆయన తల దించుకున్నాడు. "తప్పే. ఏం చెయ్యమంటావు?"

"నలుగురూ వినేలా నాది లాక్కున్నారు. నలుగురూ వినేలానే ఇవ్వండి."

సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. స్టేజీ మీద ముసుగులేసుకున్న ఇద్దరి ముందు ఆయన మైకు పట్టుకున్నాడు. "కీబోర్డు మా ఆవిడ. గిటారు మా మరదలు. పొద్దున రేడియోలో నేను చెప్పింది అబద్ధం."

హాలంతా ఘొల్లున నవ్వింది.

"అన్నదమ్ములు భలే ఆటపట్టిస్తున్నార్రా!" అని ముందు వరసలోంచి ఎవడో ఈల వేశాడు.

"నిజమండీ బాబూ, నిజం!" అన్నాడాయన. నవ్వులు రెట్టింపయ్యాయి. దిక్కుతోచక భార్య వైపు చూశాడు.

ముసుగు లోపల పెద్దకోడలికి కోపంతో చెంపలు కాలిపోతున్నాయి. ఇన్నాళ్ళూ దెయ్యాలంటే నమ్మారు గానీ, ఆడవాళ్ళంటే నమ్మరా వీళ్ళు?

ముసుగు లాగి కింద పడేసింది. పక్కన చిన్నకోడలూ లాగేసింది. చెమటకు అతుక్కుపోయిన జుట్టు, బొట్టు చెదిరిన మొహాలు. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

కోరలు మాత్రం ఆమె తియ్యలేదు. ఆ కోరలు కనబడేలా జనం వైపు చూసి నవ్వి, కీబోర్డు మీద మొదటి మెట్టు నొక్కింది.