కుడిచెయ్యి

ఆస్పత్రిలో నెత్తురు తీసే మెర్సీది తేలిక చెయ్యి అని తణుకంతా చెప్పుకుంటారు. మోచేతి పైన రబ్బరు గొట్టం బిగించి, రెండు వేళ్లతో ఒక్కసారి తడితే ఎంత బక్క చేతిలోనైనా నరం లేస్తుంది. ఒక ఉదయం ఆమె ఊరి ఆసామి బుల్లిరాజుగారు షుగర్ టెస్టుకొచ్చి ఎడమచెయ్యి చాపారు. "కుడిదివ్వండి" అంది మెర్సీ. ఆమెకు ఏడేళ్లప్పుడు, పొలానికి నీళ్ల కోసం వంతు రాకముందే తూము ఎత్తాడని, కాలవగట్టు మీద అందరి ముందూ వాళ్ల నాన్నను నాలుగు చెంపదెబ్బలు కొట్టిన చెయ్యి అది. ఈసారి వేళ్లతో తట్టలేదు. అరచేత్తో చెళ్లుమని కొట్టింది. మళ్లీ కొట్టింది. నాలుగయ్యేసరికి ఆ చర్మం కందిపోయింది.

"ఏమ్మా, నరం దొరకట్లేదా?" అన్నారాయన.

"మొదటి దెబ్బకే దొరికిందండి" అంటూ మెర్సీ అయిదోది కొట్టింది.