సమ్మవ్వకు రేటు కట్టిన మొనగాణ్ణి

కొరివితో తల గోక్కున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. ఆ కొరివిని బేరమాడి మరీ కొనుక్కుని గోక్కున్నవాణ్ణి చూడాలనుంటే భూపాలపల్లి రండి. ఫ్యాన్లూ వైర్లూ అమ్మే దుకాణంలో కూర్చుని ఉంటాను.

మా పాప పుట్టినప్పుడు నీళ్లు పోయడానికి మా వాడకట్టు సమ్మవ్వను పిలిచాం. ఆమె నూనె రాసి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి జోకొడితే పాప మధ్యాహ్నందాకా కళ్లు తెరిచేది కాదు. పాప పడుకుంటేనే నా భార్య స్వప్నకు కునుకు. అంటే మా ఇంటి శాంతిభద్రతలన్నీ సమ్మవ్వ చేతుల్లోనే ఉన్నాయి.

మా దగ్గర ఈ పనికి రేటంటూ ఉండదు. పాపను ఉయ్యాలలో వేసే తొట్టెల నాడు చీర పెట్టి, తోచినంత చేతిలో పెడతారు. నాకది నచ్చలేదు. స్క్రూకు కూడా ధర చెప్పే జాతి నాది.

"అవ్వా, రోజుకెంత?"

"నీ ఇష్టం కొడుకా. నీకు ఎంత తోస్తే గంతియ్యి."

"గట్ల కాదు. ముందుగాల మాట్లాడుకుంటే ఎనుక లొల్లుండది."

లోపల్నుంచి స్వప్న, "జర ఊకోరాదు" అంది. బేరం మొదలుపెట్టినవాడికి పెళ్లాం మాట వినపడుతుందా, మీరే చెప్పండి.

సమ్మవ్వ మొహమాటపడుతూ, "మూడొందలియ్యి" అంది. నా నోరు నన్నడక్కుండానే నూటయాభై అనేసింది.

"సరే కొడుకా."

అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడైనా అనుమానం రావద్దూ? రాలేదు. ఆ రోజంతా జిల్లా గెలిచినట్టు తిరిగాను.

మర్నాడు పొద్దున ఇల్లెగిరిపోయే ఏడుపు విని పరుగెత్తాను. సమ్మవ్వ పాపను తుడిచి నా చేతుల్లో పెట్టి, తీరిగ్గా గోడకానుకుని కూర్చుంది.

"నూనె రాయలేదేంది అవ్వా?"

"నీళ్లు పోసుడే మాట్లాడుకున్నం."

"మరి సాంబ్రాణి?"

"గది వేరే. మొన్న నీ దగ్గర ఫ్యాను కొంటే, బిగించుడు వేరే అన్నవ్ గద."

అన్నాను. అబద్ధమెందుకు?

"పాప ఏడుస్తుందవ్వా. జర సముదాయించు."

"స్నానం మాట్లాడుకున్నం కొడుకా. ఏడుపు మాట్లాడుకోలే."

స్వప్న లేచి వచ్చింది. నిద్రలేక ఆమె కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. "నువ్వే పండవెట్టు" అని మళ్లీ లోపలికి పోయింది. పాపను భుజాన వేసుకుని ఇల్లంతా తిరిగాను. పాట కూడా పాడాను. అది విన్నాక పాప గొంతు ఇంకా పెంచింది. చేతులు నొప్పెట్టేసరికి నాకు నిజంగానే సిగ్గేసింది. ఇంత పనికి నూటయాభై అన్నది ఈ నోరే కదా.

"తప్పైందవ్వా. పాత పద్ధతే కానియ్యి. తొట్టెల నాడు నీ ఇష్టమున్నంత తీసుకో."

సమ్మవ్వ పాపను అందుకోగానే పాప ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఉచితమో కాదో అడిగే ధైర్యం చాల్లేదు.

"అట్లెట్ల కొడుకా? ఇన్నేండ్ల సంది నాకు రేటంటే ఏందో తెల్వకపాయె. నువ్వే నేర్పినవ్. నూనెకు నూరు, నీళ్లకు నూటయాభై, సాంబ్రాణికి యాభై, జోకొట్టుడుకు రెండొందలు."

"జోకొట్టుడుకు అంతనా?"

"గిప్పుడే చూస్తివి గద, అదెంత కష్టమో."

నోరు మూసుకుని ఐదొందలకు ఒప్పుకున్నాను. తొట్టెల నాటికి ఆ రేటు ఊరంతా పాకింది. నీళ్లు పోసే అవ్వలందరూ ఫంక్షన్‌కు వచ్చారు. వచ్చి పాపను వదిలేసి నన్ను దీవించారు.

కాన్పులున్న ఇళ్ల మగవాళ్లు ఇప్పటికీ నా దుకాణంలో బల్బు కూడా కొనరు. అందుకే నలుగురి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా "నీ ఇష్టం" అంటే పర్సు తెరుస్తాను తప్ప, చచ్చినా నోరు తెరవను.