సున్నపు గీతల ఓడ

యేసురత్నం మాస్టారు బడిపంతులు కారు. విశాఖలో ఓ ఓడల కార్ఖానా డ్రాయింగు ఆఫీసులో ముప్పై ఏళ్లు గీతలు గీసి, తొంభై ఎనిమిదిలో మామిడికుదురు పక్కనున్న సొంతూరు చేరిన మనిషి. గల్ఫు షిప్‌యార్డుల వాళ్లు పనివాళ్ల కోసం ఇంటర్వ్యూలు పెట్టడం మొదలెట్టాక, ఓడ మొహం ఎరగని కుర్రాళ్లంతా ఆయన గుమ్మం తొక్కారు. అలా మాస్టారయ్యారు.

ఆయన పాఠం కాగితం మీద కాదు. కోతలయ్యాక ఖాళీగా పడున్న కళ్లంలో, ఓడ అడుగుభాగంలో ఓ ముక్కని అసలు కొలతలతో సున్నం పోసి గీసేవారు. పక్కటెముకల్లా వరసగా నిలిచేవి ఫ్రేములు. అడ్డగోడ బల్క్‌హెడ్. మనిషి దిగే కంత మాన్‌హోల్. సరుకూ నీళ్లూ ఏమీ నింపకుండా మూసి ఉంచే గది వాయిడ్ స్పేస్. పేర్లు గట్టిగా చెబుతూ ఆ గీతల మధ్య నడవాలి. తప్పు గదిలో కాలు పెట్టినవాణ్ణి "మునిగేవురా!" అని ఏడిపించేవారు.

కొబ్బరిపీచు మిల్లులో కూలికెళ్లే ఆదిలక్ష్మి ఒక్కగానొక్క కొడుకు బుల్లిరాజు. వాడు కళ్లు మూసుకుని మరీ నడిచేవాడు. ఇంటర్వ్యూలో తడుముకోకుండా అన్నీ చెప్పి, పైపు ఫిట్టరుకు హెల్పరుగా 2003లో విమానం ఎక్కాడు. మాస్టారు ఊరంతా తిరిగి ఆ సంగతి చెప్పుకున్నారు.

పద్నాలుగు నెలలకు వాడి శవపెట్టె వచ్చింది. అదే కళ్లంలో చదువుకుని, అదే యార్డులో పనిచేస్తున్న ప్రకాష్ దాని వెంట వచ్చాడు.

"రెండేళ్లుగా మూతేసున్న వాయిడ్ స్పేసండి," అన్నాడు మాస్టారితో. "పైపు కొలత తీసుకొత్తానని దిగేడు. నిచ్చెన సగంలోనే పడిపోయేడండి. లోపల గాలి లేదంట."

మాస్టారికి వేరే చెప్పక్కర్లేదు. మూసిన గదిలో ఇనుము తుప్పు పట్టేకొద్దీ గాలిలోని ప్రాణవాయువును తినేస్తుంది. గాలి కొలిచే మీటరు దింపి చూడకుండా అందులో తల కూడా పెట్టకూడదు. డెబ్బై తొమ్మిదిలో ఇద్దరి శవాల్ని అలాంటి గదిలోంచి పైకి లాగుతుంటే ఆయన పక్కనే ఉన్నారు. అయినా ఆ మాట కళ్లంలో ఏనాడూ ఎత్తలేదు. ఇంటర్వ్యూలో అడగరు. వింటే కుర్రాళ్లు జడుస్తారు. తల్లులు పంపరు. వచ్చిన మంచిపేరు కాస్తా పోతుంది. ఆయన గీసిన గదికి గోడల్లేవు, మూత లేదు, చుట్టూ కాలవ గాలి. అది ఓడలో గదని నమ్మి దిగినవాడిది ఏం తప్పు? పొగడ్తకు అలవాటుపడ్డ ప్రాణం ఒక్క మాటకు పిసినారితనం చూపించింది. సిగ్గుచేటు.

నెల్లాళ్లపాటు ఆయనకు అన్నం సయించలేదు. ఆ తల్లికి చెప్పాలా, వద్దా? చెబితే గుండె బరువు దిగుతుందని చివరికి నిశ్చయించుకున్నారు. ఓ ఉదయం మిల్లుకు వెళుతున్న ఆదిలక్ష్మిని తన ఇంటి ముందే ఆపి, చూసిందీ దాచిందీ అంతా చెప్పేశారు.

"నాదే తప్పమ్మా. ఆ ఒక్క మాటా చెప్పుంటే వాడు ఆగేవాడు," అని చేతులు జోడించారు.

ఆదిలక్ష్మి ఏడవలేదు.

"దేవుడు తీసుకుపోయేడనుకుని ఎలాగో రోజులు ఈడుత్తున్నానండి," అంది. "ఇప్పుడు మీరని చెప్పేరు. మిల్లుకి ఇదొక్కటే దారి కదండీ. రోజూ మీ గుమ్మం ముందునించి నన్నెలా నడవమంటారు?"

మిల్లు కూత వేసింది. ఆమె వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయింది.