నూర్ కిటికీకి తడి తువ్వాలు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. కడపలోనూ అంతే, కువైట్‌లోనూ అంతే. అందుకే ఇది చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంది.

కువైట్ రుమైథియాలో నేను పనిచేసే ఇంట్లో మామా, అంటే ఇంటి యజమానురాలు, వాళ్లమ్మ ఉండేది. పెద్ద మామా అనేదాన్ని. నన్ను 'బింతీ', నా కూతురా, అని పిలిచేది. కూతుర్ని తిట్టినట్టే తిట్టేది కూడా. ఆ తిట్లన్నీ కిటికీ గురించే. ఉక్కపోస్తే కిటికీ తీయడం మా ఊరి అలవాటు. ఇక్కడ ఎండాకాలంలో తీస్తే వచ్చేది పొయ్యి సెగ, దాని వెనకే దుమ్ము.

దుమ్ము లేచే ముందు ఆమెకు ఎలాగో తెలిసిపోయేది. ఆకాశం నీలంగా ఉండగానే "యల్లా బింతీ, తువ్వాళ్లు!" అని తొందరపెడుతూ కేకేసేది. తువ్వాలు తడిపి, రెండు కొసలకూ ముడేసి, కిటికీ సందులో కూరేది. మనవరాలు నూర్‌కి ఉబ్బసం, అందుకే అంత ఆరాటం. ఆ ముడి నాకు నేర్పాలని చూసి చూసి విసిగిపోయింది. నేను వేస్తే జారిపోయేది.

చలికాలంలో ఆమె పోయింది. నన్ను కన్నతల్లి పోయినట్టే ఏడ్చాను.

జులైలో ఒక మధ్యాహ్నం నూర్ గదిలో ఏసీ ఆగిపోయింది. నాలుగేళ్ల పిల్ల, నిద్రలోనే చెమటలు కారిపోతోంది. ఇంట్లో మేమిద్దరమే. పాడు అలవాటు, కిటికీ బార్లా తెరిచి, ఆరిన బట్టలు తేవడానికి మేడ మీదికి పోయాను.

బట్టలు తీస్తుండగానే దుమ్ము లేచింది. చూస్తుండగానే ఎదురిల్లు కనపడకుండా పోయింది. మెట్లు ఎలా దిగానో నాకు తెలీదు. పిల్లకు ఊపిరి అందకపోతే నేనేం చేయాలి?

కిటికీ మూసి ఉంది. సందులో తడి తువ్వాలు, రెండు కొసలకూ ముడి. నూర్ హాయిగా నిద్రపోతోంది.

తువ్వాలు ముట్టుకుంటే చల్లగా ఉంది. జులైలో ఇక్కడ మేడ మీది ట్యాంకు ఎండకు కాగిపోయి, కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. చల్లనీళ్లు కావాలంటే ఇంట్లో నీడపట్టున ఉండే, ఆపేసిన గీజర్‌లోంచి పట్టుకోవాలి. ఆ కిటుకు నాకు చెప్పింది కూడా పెద్ద మామానే. వీధి తలుపు లోపలి గడియ వేసింది వేసినట్టే ఉంది.

"యాడుండావు పెద్ద మామా?" అన్నాను. తెలుగే వచ్చింది నోటికి.

సాయంత్రం మామాకు అంతా చెప్పాను, కిటికీ తెరిచిన సంగతితో సహా. పనిలోంచి తీసేస్తుందనుకున్నాను. ఆమె ముడి చూసింది. తువ్వాలు ఒళ్లో పెట్టుకుని "యుమ్మా" అంది, అమ్మను పిలిచినట్టు. ఇద్దరం ఏడ్చాం.

అది ఎవరు పెట్టారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. తువ్వాలు మామా బీరువాలో ఉంది. ఆ ముళ్లు ఇంతవరకు మేం విప్పలేదు.