ఇరవై నాలుగు మార్కుల బస్సు

ఆ రోజుల్లో, అంటే నేను జనగామ వైపు నుంచి హైదరాబాద్‌కి కొత్తగా వచ్చి నాచారంలో ఉద్యోగానికి చేరిన రోజుల్లో, ఎవరికైనా ఏదైనా నచ్చిందో లేదో చెప్పాలంటే ముందు దానికి ఎన్ని మార్కులొచ్చాయో చూసుకునేవారు. హోటల్‌కి స్టార్లు, సినిమాకి స్టార్లు, ఆఖరికి మా హాస్టల్ సందు చివరి జిరాక్స్ షాపుకి కూడా స్టార్లు. (ఇప్పుడేమైనా తగ్గిందా అంటే లేదు. అప్పుడు నాకు కోపం వచ్చేది, ఇప్పుడు నవ్వొస్తోంది, అంతే తేడా.) అసలు మార్కులతో పెరిగిన జాతి మనది. ఎదురింటి పిల్ల ఎలా ఉందని ఎవరూ అడగరు, ఎన్నొచ్చాయని అడుగుతారు. అలాంటి లోకంలో పాస్ మార్కులు కూడా రాని ఒక ఫోన్ ఆట మీద నేను మనసు పారేసుకున్నాను. దానికోసం ఊరంత గొడవ చేశాను. చేసినందుకు ఇప్పటికీ విచారం లేదు.

నా ఉద్యోగం మందు సీసాలకు మూతలు తయారుచేసే చిన్న కంపెనీలో, క్వాలిటీ విభాగంలో. పేరు వినడానికి గొప్పగా ఉంటుంది కానీ పని మాత్రం బల్ల ముందు నిలబడి వంకర మూతలనీ, అంచు చిరిగిన మూతలనీ, మచ్చపడ్డ మూతలనీ ఏరి ఎర్ర డబ్బాలో పడేయడమే. సాయంత్రం ఉప్పల్‌లో హాస్టల్‌కి చేరడం ఇంకో ఉద్యోగం. సిటీ బస్సు స్టాపులో ఆగడం నేను చాలా అరుదుగా చూశాను. స్టాపుకు ముందో, దాటాకో ఆగేది, మేమంతా బ్యాగులు పట్టుకుని పరిగెత్తేవాళ్ళం. స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజైతే ఆ మాత్రం కూడా ఆగేది కాదు. అలా ఒళ్ళు హూనమై మంచమ్మీద పడ్డాక ఫోన్‌లో ఆ ఆట ఆడేదాన్ని. బస్సు నడిపే ఆట. రోజంతా ఏదో ఒకటి పనికిరాదని పారేసి వచ్చినదాన్ని, సాయంత్రం ఒక్కరినీ వదిలేయకుండా అందరినీ ఎక్కించుకుని పోవాలనిపించేది. నా బస్సు స్టాపులోనే ఆగేది. చెయ్యెత్తిన ప్రతి మనిషీ ఎక్కేదాకా ఆగేది.

ఆట బాగుండేదని నేను ఏనాడూ అనలేదు. ఎవరో ఒక్కడే కూర్చుని, తన దగ్గరున్నదాంతో తయారుచేసినట్టున్నాడు. దారి పొడుగునా ఒకటే చెట్టు. వాన కురిస్తే బస్సు లోపల కూడా కురిసేది. గేదెను తగిలితే అది కిందపడేది కాదు, నిదానంగా ఆకాశంలోకి లేచిపోయేది. ప్రయాణికులందరికీ ఒకే మొహం, చొక్కా రంగు మాత్రమే మారేది. చీర కట్టుకుని కర్ర పట్టుకున్న అవ్వకి కూడా ఆ మొహమే కాబట్టి ఆమెకీ దట్టంగా మీసాలుండేవి. అయినా ఆ మీసాల అవ్వ మెల్లగా మెట్లెక్కి సీట్లో కూర్చుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

ఇక గ్రూపు సంగతి. వీడియో గేమ్‌లు ఆడే తెలుగువాళ్ళకి ఫోన్‌లో ఒక గ్రూపు ఉండేది. దాన్ని మొదలుపెట్టింది నాచారంలో లెక్కల ట్యూషన్లు చెప్పే ఒక గోదావరి జిల్లా మాస్టారు. అందరం ఆయన్ని మార్కుల సార్ అనేవాళ్ళం. ప్రతి ఆటకీ ఆయన వందకి మార్కులు వేసేవారు. బొమ్మకి ఇరవై, శబ్దానికి ఇరవై, కథకి ఇరవై, ఆట నడకకి ఇరవై, కొత్తదనానికి ఇరవై. ముప్పై అయిదు వస్తే పాస్. స్టెప్ మార్కులుండేవి, రీవాల్యుయేషన్ ఉండేది. ఎవరైనా మెచ్చుకున్న ఆట ఫెయిలైతే ఆ మనిషి పేరు పక్కన ‘సప్లీ’ అని ట్యాగ్ తగిలించేవారు. అది పోవాలంటే ‘నా సిఫారసు తప్పు, నా అభిరుచిని మెరుగుపరుచుకుంటాను’ అని పోస్టు రాయాలి. రాయకపోతే గ్రూపులోంచి బయటికి. నవ్వులాటగా మొదలైన రూలే కానీ ఎవరూ దాన్ని తప్పేవారు కాదు. నాకా ఊళ్ళో ఆ గ్రూపు తప్ప వేరే మనుషుల్లేరు. నాకు జ్వరం వచ్చి హాస్టల్లో పడి ఉంటే ఏ దవాఖానాకి వెళ్ళాలో చెప్పింది వాళ్ళే. మార్కుల సార్ భార్య, నేను అక్కా అని పిలిచే ఆవిడ, క్యారియర్‌లో చారన్నం పట్టుకుని ఉప్పల్ దాకా వచ్చింది. అలాంటి గ్రూపులో ఒక రోజు నోరు ఊరుకోక రాశాను.

“ఈ బస్సు ఆట ఒకసారి ఆడి సూడున్రి. ఇంత మంచిగ నాకు ఏ ఆటా నచ్చలే.”

ముందుగా గ్రాఫిక్స్ అన్న దిగాడు. ఈయన ఉప్పల్ మనిషే, ఐటీ ఉద్యోగి. గ్రూపుకి రెండో అడ్మిన్. జీతంలో సగం కంప్యూటర్‌కే పెట్టేవాడు. “చెల్లె, మజాక్ జేస్తున్నవా? గా చెట్లన్నీ ఒక్కటే చెట్టు. గేదె మొగులుకు పోతుంది. గిది ఆటనా?” అన్నాడు. తర్వాత మార్కుల సార్ నిదానంగా మార్కులు పెట్టారు. మొత్తం ఇరవై రెండు. కథకి సున్నా.

“సార్, డిపో నుంచి పోయి మల్ల డిపోకు వచ్చుడే కథ. బస్సుకు ఇంకేం కథ ఉంటది?” అని రాశాను.

“అది కథ కాదమ్మా, రూటు” అని జవాబిచ్చారు. వెంటనే ఇంకోటి రాశారు. “నచ్చడం వేరు, నాణ్యత వేరు. నాణ్యత ఆబ్జెక్టివ్. అది నీ మీదా నా మీదా ఆధారపడి ఉండదు. ఈ ఆట నాణ్యమైంది కాదు కాబట్టి, ఇది నచ్చిందంటే అభిరుచిలో ఏదో లోపం ఉన్నట్టు.”

మొదటి మాట వరకూ నాకు అభ్యంతరం లేదు. రెండోది మాత్రం సూదిలా దిగింది. పొద్దున్నుంచీ మూతల్లో లోపాలు వెతికి వచ్చినదాన్ని, సాయంత్రానికి నేనే ఎర్ర డబ్బాలో పడ్డాను. అప్పటికే నా పేరు పక్కన ‘సప్లీ’ వచ్చేసింది. రీవాల్యుయేషన్ కావాలని అప్పటికప్పుడే అడిగాను.

రీవాల్యుయేషన్ అంటే ఆదివారం నాచారంలో సార్ ఇంట్లోని ట్యూషన్ గదిలో అందరి ముందూ ఆడి చూడటం. అందరూ అంటే నేను, సార్, గ్రాఫిక్స్ అన్న. మిగతావాళ్ళు ఫోన్‌లో ఫలితం కోసం కాచుకుని కూర్చున్నారు. గ్రాఫిక్స్ అన్న నా ఫోన్‌ని టీవీకి కలిపాడు. పెద్ద తెర మీద నా బస్సు ఇంకా అన్యాయంగా కనిపించింది. సార్ కళ్ళజోడు తుడుచుకుని ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. “బ్రేకు ఆలస్యంగా పడుతోంది. హారన్ వేరే బస్సుది. వానేంటమ్మా లోపల పడుతోంది” అంటూ గొణుగుతూ నడిపారు. కాసేపటికి గొణుగుడు తగ్గింది. ఇంకాసేపటికి కుర్చీ అంచుకు జరిగారు. మలుపు తిరుగుతున్నప్పుడు ఆయన భుజం కూడా తిరగడం నేను చూశాను. అంతలో ఒక స్టాపు దాటిపోయింది.

“అయ్యో, ఆ పెద్దావిడ ఉండిపోయింది” అని ఆయన బస్సుని రివర్స్ చేయడం మొదలుపెట్టారు.

“సార్, గామె అవ్వ కాదు, మీసాలున్నయి సూడున్రి” అన్నాడు గ్రాఫిక్స్ అన్న.

“నువ్వుండవయ్యా. చెయ్యెత్తింది కదా” అన్నారు సార్. వెనక ఒక గేదెని ఆకాశానికి పంపి మరీ అవ్వని ఎక్కించుకున్నారు. లోపల్నుంచి అక్క అన్నానికి పిలిస్తే “ఒక్క స్టాపు” అన్నారు. మళ్ళీ పిలిస్తే మళ్ళీ అదే మాట. నా గుండె గాల్లో తేలుతోంది. ముప్పై అయిదు ఖాయం అనుకున్నాను.

బస్సు డిపోకి చేర్చి, ఫోన్ కింద పెట్టి, గొంతు సవరించుకుని సార్ ఫలితం చెప్పారు. “నడకకి రెండు మార్కులు కలుస్తాయి. మొత్తం ఇరవై నాలుగు.”

“మీకు నచ్చిందా లేదా సార్?” అని అడిగాను.

ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. “నచ్చింది. కానీ అది లెక్కలోకి రాదమ్మా.”

గ్రాఫిక్స్ అన్న నా ఫోన్ నాకిచ్చి, “గా రెండు లైన్లు రాసెయ్ చెల్లె, అయిపోతది. ఎందుకు లొల్లి?” అన్నాడు. పాపం మంచికే చెప్పాడు. రాస్తే అయిపోయేది నిజమే. రాయకపోతే జ్వరమొస్తే చెప్పుకోవడానికి కూడా ఎవరూ ఉండరనీ నాకు తెలుసు. అయినా లేచి నిలబడ్డాను. (కూర్చుని కూడా చెప్పొచ్చు. కానీ ఆ వయసులో ఏ ముఖ్యమైన మాటైనా నిలబడే చెప్పాలనుకునేదాన్ని.)

“ఇరవై నాలుగు కరెక్టే సార్. ఇంకో రెండు తీసేసినా ఏమనను. బొమ్మ మంచిగ లేదు, హారన్ మంచిగ లేదు, అన్నీ ఒప్పుకుంట. కానీ నాకు నచ్చుడు తప్పని రాయమంటే రాయను. మార్కులు ఆటకు ఏసిన్రు. సప్లీ నాకెందుకు పెట్టిన్రు? మీకు కూడ నచ్చింది కదా, మీ పేరు పక్కన ఏది? నా ఇష్టాన్ని ఎవరో మెరుగుపరుచుడేంది? ఉండనీయున్రి గట్లనే.”

బ్యాగు తగిలించుకుని దర్జాగా గుమ్మం దాకా నడిచాను. గుమ్మంలో అక్క అడ్డంగా నిలబడి ఉంది, చేతిలో గరిటె.

“ఎక్కడికి వెళ్తున్నావ్? మార్కుల సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. వండిపెట్టాక తినకుండా వెళ్తే నేను ఊరుకోను. వచ్చి కూర్చో” అంది.

అప్పటికి పొద్దున్నుంచీ ఏమీ తినలేదు నేను. లోపల్నుంచి కోడికూర వాసన వస్తోంది. అంత పౌరుషంగా లేచినదాన్ని అంతే బుద్ధిగా వెళ్ళి కూర్చున్నాను. (కోపం వేరు, ఆకలి వేరు. ఈ విషయంలో మాత్రం నేను సార్ లాగే ఆబ్జెక్టివ్.) ఎవరూ ఎవరితో మాట్లాడకుండా తింటున్నాం. సార్ తలెత్తకుండానే కూర గిన్నె నా వైపు జరిపి “ఇంకొంచెం వేసుకోమ్మా” అన్నారు. ఆ నిశ్శబ్దం భరించలేక గ్రాఫిక్స్ అన్న, “సార్, కూరకు ఎన్ని ఏస్తరు?” అన్నాడు. అక్క గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. సార్ ఒకసారి గరిటె వైపూ ఒకసారి ఆవిడ వైపూ చూశారు.

“కూరలకి మార్కులేంటయ్యా, తిను” అన్నారు.

“నేను చెప్పేది గదే సార్” అన్నాను నోటినిండా అన్నంతో.

అక్క నవ్వాపుకోలేకపోయింది. “ఈయన పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు నాకూ వేసే ఉంటారు. ఎన్నొచ్చాయో ఇప్పటిదాకా చెప్పలేదు” అంది. “రిజల్ట్ విత్‌హెల్డ్” అన్నారు సార్, మొహంలో ఏ మార్పూ లేకుండా. నవ్వుకున్నాం కానీ రూలు రూలే. సోమవారం డ్యూటీలో ఉండగా గ్రూపులోంచి నన్ను తీసేశారు.

మీకు అబద్ధం చెప్పడం దేనికి, ఆ వారమంతా నాకు ఏడుపొచ్చింది. ఫోన్ బండరాయిలా పడి ఉండేది. మెట్రో స్టేషన్ మెట్ల కింద నిలబడి, రెండు లైన్లే కదా, రాసేద్దామా అని ఒకసారి గ్రాఫిక్స్ అన్న నంబర్ దాకా వెళ్ళాను. వేలు కదల్లేదు. ఎందుకో చెప్పలేను. వంకరైతే వంకర, అది నా వంకర అనిపించింది. బస్సు మాత్రం మానలేదు, పంతం కొద్దీ ఇంకా ఎక్కువ నడిపాను.

కొన్నాళ్ళకి మార్కుల సార్ దగ్గర్నుంచి ఒక మెసేజ్ వచ్చింది. గ్రూపులో కాదు, నాకు ఒక్కదానికే. “అమ్మా, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బస్సు అదుపు తప్పుతోంది. రెండో గేరా, మూడోదా? గ్రూపులో అడగలేను.” చదివి మంచమ్మీద దొర్లి దొర్లి నవ్వాను. రెండోది సార్ అని రాశాను. మర్నాడు ఇంకో సందేహం, ఆ మర్నాడు ఇంకోటి. పిల్లలు ట్యూషన్ నుంచి వెళ్ళగానే ఆయన బస్సు తీస్తారని అక్క చెప్పింది. నేనొక మాటైనా అనలేదు. అనాలని నాలుక దురద పెట్టిన మాట నిజం.

తర్వాత ఒక ఆదివారం అక్క ఫోన్ చేసింది. “మీ సార్ ఏం చేశారో తెలుసా? పొద్దున్నే గ్రూపులో ఆ బస్సు గురించి రాశారు. ‘ఇరవై నాలుగు మార్కులు. నాకు చాలా నచ్చింది’ అని. అందరూ మీద పడ్డారు. మీ గ్రాఫిక్స్ అబ్బాయి భయపడుతూనే ఈయన పేరు పక్కన సప్లీ పెట్టాడు. తప్పైందని రాస్తే పోతుంది కదండీ అన్నాను. రాయరట. రూలు రాసింది నేనే కాబట్టి నేనే వెళ్తానని, గ్రూపు ఆ అబ్బాయికి అప్పజెప్పి బయటికొచ్చేశారు. ఇప్పుడు ఒక్కరే కూర్చున్నారు. అన్నానికి రా, చేపల కూర” అంది.

వెళ్ళాను. సార్ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. పెద్దమనిషి, తను కట్టుకున్న ఇంట్లోంచి తనే బయటికొచ్చిన మనిషి, ఏమంటారో అని భయపడుతూ ఎదురుగా కూర్చున్నాను. “మార్కులు తప్పని నేననలేదమ్మా, ఇప్పటికీ ఇరవై నాలుగే” అన్నారు. “గంతే సార్” అన్నాను. ఆయన మొహం అప్పుడు కాస్త తేటపడింది.

ఇప్పుడు నేను మల్కాజిగిరిలో ఉంటున్నాను. మూతలు ఏరేవాళ్ళని చూసుకునే ఉద్యోగం. ఫోన్ తెరిస్తే ఏ ఆట గొప్పది, ఏ ఆట చెత్త అని ఇంకా తలలు పగలగొట్టుకుంటూనే ఉన్నారు. చదివి నవ్వుకుని పక్కన పెడతాను. కాస్త నెమ్మదించానని మావాళ్ళంతా అంటారు, నిజమే కావచ్చు. ఒక్కోసారి మాత్రం ఆ నాచారం పిల్లని పిలిచి, ఒక బస్సు బొమ్మ కోసం ఉన్న నలుగురు మనుషుల్నీ వదులుకోవడానికి సిద్ధపడ్డావు కదే, అంత మొండితనం ఎందుకే అని అడగాలనిపిస్తుంది. అడిగితే ఏమంటుందో నాకు బాగా తెలుసు. పైగా నిలబడి మరీ అంటుంది. అందుకే ఊరుకుంటాను.